కన్ను పోయిన కటింగ్ మిషను

అనంతపురంలో మాదొక చిన్న ప్రెస్సు. పెళ్లి పత్రికలు, ఎన్నికల కరపత్రాలు, బోరు బండ్ల వాళ్ల క్యాలెండర్లు, ఏది అచ్చు వేసినా అంచులు కోసేది నేనే. కటింగ్ మిషను ముందు మరెవరినీ నిలబడనిచ్చేదాన్ని కాదు. నాయన మాత్రం పొద్దున ఒక్కసారి దాని దగ్గరికి వచ్చేవాడు, పరీక్ష చేయడానికి.

ఆ మిషనులో కత్తికి ముందు అటొకటి ఇటొకటి చిన్న స్తంభాలుంటాయి. వాటి మధ్య కంటికి కనపడని వెలుగు పారుతుంటుంది. మేం దాన్ని కన్ను అనేవాళ్లం. చెయ్యి అడ్డం వస్తే కత్తి దిగదు. నాయన పాత పేపరును చుట్టగా చుట్టి, చెయ్యి పెట్టినట్టే ఆ స్తంభాల మధ్య నుంచి కత్తి కిందికి దూర్చి, "నొక్కు పాపా" అనేవాడు. ఏ చెయ్యీ కత్తి కింద ఉండకూడదని దానికి రెండు బటన్లు; నేను రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కేదాన్ని. కత్తి కదిలేది కాదు. "ఊఁ, చూస్తాండాది" అని తృప్తిపడితే గానీ టీ తాగడానికి పోయేవాడు కాదు. మిషనుకు రోజూ కంటి పరీక్ష చేసే మనిషిని ఇంకెక్కడా చూడలేదని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు పాత చేతి మిషను కింద కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. నేను పనిలోకి వస్తానన్నాకే ఏరి కోరి ఈ కన్నున్న మిషను తెచ్చాడు.

పోయిన వేసవిలో, సరిగ్గా పెళ్లిళ్ల సీజనులో, అది నిలిచిపోయింది. మోటారు తిరుగుతోంది, కత్తి దిగడం లేదు. కన్నునూ బటన్లనూ కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ బోర్డు మాడిపోయింది. కంపెనీకి ఫోను చేస్తే, ఆ మోడలుకు బోర్డులు చేయడం ఎప్పుడో మానేశామన్నారు. కొత్త మిషను కొనుక్కోమని ఒక ఉచిత సలహా కూడా పారేశారు. అంత డబ్బు మా దగ్గర ఎక్కడిది? బెంగళూరులో పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాం. అలాంటిది దొరకలేదు. చివరికి ఉరవకొండ నుంచి ఒక మెకానిక్కును పిలిపించాం. బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేయడం ఆయన పని. బోర్డు మీద మాడిన ముక్కలు పీకి కొత్తవి అతికించాడు. కొన్నాళ్లు నడిచి మళ్లీ ఆగింది.

రెండోసారి ఆయన వచ్చినప్పుడు నాయన జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. ఈసారి మెకానిక్కు బోర్డునే పక్కన పెట్టి, వైర్లు కలిపి, డైరెక్టు చేశాడు. మా సీమలో అది తప్పని ఎవరూ అనుకోరు. బోరులో నీళ్లు అడుగంటితే మోటారును ఆపే సామాను ఒకటి స్టార్టరు పెట్టెలో ఉంటుంది. రైతులు దాన్నే తప్పించి, అడుగున ఉన్న నాలుగు చుక్కలూ చెట్లకు పారించుకుంటారు. మోటారు కాలితే కాలనీ, చేను ఎండకూడదు. ఆ అలవాటైన చేత్తోనే ఆయన మా మిషనూ బాగుచేశాడు.

"ఇంగ ఆగే పనే లేదు పాపా. ఒగ బటన్ నొక్కినా దిగుతాది" అన్నాడు సంబరంగా. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆగిపోయిన పత్రికలన్నీ ఆ పూటే కోసి పంపాను.

మర్నాడు నాయన వచ్చాడు. పేపరు చుట్ట పెట్టి "నొక్కు పాపా" అన్నాడు. నొక్కాను. కత్తి దిగి చుట్టను రెండు ముక్కలు చేసింది.

నాయన ఆ ముక్కల వైపు చూడలేదు. నా చేతులు చూశాడు. "నిన్న దీంతోనే కోసినావా?" అన్నాడు. అవునన్నాను. మెయిను ఆపేసి స్టూలు మీద కూలబడ్డాడు. మళ్లీ ఆ స్విచ్చి వేయనివ్వలేదు.

నేను పోట్లాడాను. "జాగర్తగా కోసుకుంటా నాయనా. ఈ పని ఇంగో ప్రెస్సుకు పోతే మల్లా మనకాడికి రాదు" అన్నాను.

"నేనూ జాగర్తగానే ఉంటి" అన్నాడు.

మెకానిక్కు కూడా వచ్చి, "అందురూ ఇట్లే నడుపుకుంటాండారన్నా" అని నచ్చజెప్పబోయాడు. "నడుపుకోనీప్పా. నా బిడ్డ నడపదు" అన్నాడు నాయన. అంతే. పనులు ఒక్కొక్కటే పక్క ప్రెస్సులకు పోయాయి. షట్టరు సగం ఎత్తి కూచునేవాళ్లం, తర్వాత అదీ మానేశాం. ఆయన మీద కోపంతో నేను అన్నం ముందు కూచుని కూడా మాట్లాడేదాన్ని కాదు. నాకు వచ్చిన పని అదొక్కటే మరి.

కొన్ని నెలలకు వేరే ఊరి ప్రెస్సాయన మిషను కొంటానని వచ్చాడు. బోర్డు పోయిందని నాయనే దాచకుండా చెప్పాడు. "దాందేముందన్నా, డైరెక్టుగానే నడుపుకుంటాం. దుడ్లకు ఎనకాడను" అన్నాడాయన. నాయన ఇవ్వనన్నాడు. ఎంత అడిగినా కారణం చెప్పలేదు. ఆ వారంలోనే పాత ఇనుము కొనే గుజిరీ ఆయనను పిలిచి, మిషనును గ్యాసుతో ముక్కలు కోయించాడు. నేను అన్నేళ్లు చేతులు ఆనించి నున్నగా చేసిన బల్ల ఎర్రగా కాలి విరిగింది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"అమ్మింటే యాడో ఒగచోట నడుస్తా ఉండేది గదా నాయనా" అన్నాను.

"నడుస్తా ఉండేది. దాని ముందర ఎవురి బిడ్డో నిలబడుంటాది పాపా" అన్నాడు.

బయట ఇనుము తూకం వేస్తున్నంతసేపూ నా రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని కూచున్నాడు.