స్టెప్నీకి ముందు సీటు

మా వదినంటే నాకు కుళ్ళు. ఆమె చెడ్డదని కాదు. మంచిదే, అదే నా బాధ. చెడ్డదైతే నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. మంచి మనిషి మీద కుళ్ళుకుంటే ఆ ఏడుపు మనలోనే దాచుకోవాలి.

వదినంటే మా ఆయనకు అక్క. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి సంకన వేసుకుని పెంచింది. భర్త పోయాక మార్కాపురంలో మా వీధి చివరనే ఇల్లు తీసుకుంది. అంత చేసిన మనిషికి ఏమిచ్చినా తక్కువే అంటాడు మా ఆయన. ఇవ్వమనండి. చీరలివ్వమనండి, గాజులివ్వమనండి, నేను అడ్డం పడితే అడగండి. నా ఏడుపంతా ముందు సీటు గురించి.

పెళ్ళయిన కొత్తలో మాకొక పాత జీపుండేది, మా పలకల ఫ్యాక్టరీ పనుల మీద తిరగడానికి. ఎక్కడికి బయల్దేరినా వదిన వచ్చి ముందు తలుపు తీసుకుని కూర్చునేది. "ఎనక కూర్చుంటే నాకు కండ్లు తిరుగుతాయమ్మా" అనేది. కళ్ళు తిరిగే మనిషిని ఎవరైనా ఏమంటారు? నేను వెనక, పిల్లలతో, సంచులతో, ఒళ్ళో పచ్చడి జాడీతో. జీపు పోయి చిన్న కారొచ్చింది, చిన్న కారు పోయి పెద్ద కారొచ్చింది. వదిన కళ్ళు తిరగడం మాత్రం పోలేదు.

వెనక కూర్చున్న మనిషికి కనిపించేది రెండు తలకాయలు. మా ఆయన ఇంట్లో మాటలకు మహా పిసినారి. స్టీరింగు పట్టుకున్నాడంటే మాత్రం నోరు మూయడు. ఆయన ఏదో చెప్పడం, ఆమె తల ఊపడం, ఒక్కోసారి ఇద్దరూ నవ్వుకోవడం. ఇంజను మోతలో నాకొక్క ముక్క వినపడేది కాదు. మెడ ముందుకు చాచి "ఏందంట?" అని అడిగితే "ఏం లేదులే" అనేవాడు. ఆ ఏం లేని దాంట్లో ఏముందో అని గిద్దలూరు దాకా కుమిలిపోయిన రోజులున్నాయి.

పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నాక, యాభై దాటిన వయసులో, మా ఆయన పెద్ద కారు అమ్మేసి బెంగుళూరు నుంచి ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ఎవరో వాడి వదిలేసింది. నీలం రంగు, నేలకు జానెడెత్తు. మీట నొక్కితే టాపు మడుచుకుని డిక్కీలోకి పోతుంది. రెండే సీట్లు. వీధిలో వాళ్ళు "ఈ వయసులో ఈయనకేం పోయేకాలం" అనుకున్నారు. నేను మాత్రం లోపల్లోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. రెండు సీట్లంటే లెక్క సులభం. ఒకటి ఆయనది, ఒకటి నాది. వెనక సీటే లేనప్పుడు నన్ను వెనక కూర్చోబెట్టేదెవరు?

పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రయాణాల్లో కాపుదల ఇవ్వమని, ఇంటివాళ్ళందరికీ సమాధానం ఇవ్వమని వేడుకున్నారు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి వదిన సీట్లో కూర్చుని ఉంది.

"మరి అమ్మాయి ఎట్ల వస్తది?" అని నన్ను చూపించి పాపం ఆమే అడిగింది.

"ఆటోలో వస్తదిలే అక్కా" అన్నాడు మా ఆయన.

కడుపు మండిపోయింది. పక్కవాళ్ళ సొత్తు మీద ఆశపడకూడదని చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో నేర్చుకున్నదాన్నే. కానీ ఇది పక్కవాళ్ళ సొత్తు ఎట్లా అవుతుంది? మొగుడు నావాడు, కారు నా మొగుడిది.

ప్రతి ఆదివారం మేము పొదిలి రోడ్డులో ఉన్న మా అత్తగారి ఊరి చర్చికి పోతాం. నేను ఆటోలో దుమ్ము తింటూ పోతుంటే నీలం కారు హారను కొట్టి పక్కనుంచి దూసుకుపోయేది. టాపు తీసి ఉండేది. వదిన కొంగు గాలికి ఎగురుతుండేది. ఆ గాలికి ఎగరాల్సింది నా కొంగు అనుకుంటూ చర్చికి చేరేదాన్ని, ఆ ఏడుపుతోనే పాటలు పాడేదాన్ని.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం ఆ రోడ్డులోనే టైరు తెగింది. పలకల ఫ్యాక్టరీలున్న చోట లారీల మీంచి రాతి పెచ్చులు జారి రోడ్డు పక్కన పడుంటాయి. వాటి అంచు కొత్త బ్లేడే. ఒక పెచ్చు టైరు పక్క గోడను జానెడు కోసింది. మా బతుకు నిలబెట్టిన రాయే మా టైరు కోసిందని మా ఆయన నవ్వాడు. ఆయన నవ్వడానికి కారణముంది. ఆ కారుకున్నవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి మొత్తం పోయినా పక్క గోడలు గట్టిగా నిలబడి బండిని మోస్తాయి. అక్కనూ తమ్ముణ్ణీ మెల్లగా ఇంటి దాకా తెచ్చి దించింది ఆ తెగిన టైరు. నన్నడిగితే అంత మంచితనం దానికి అక్కర్లేదు.

నాలుగూ ఎటూ అరిగిపోయాయి, మార్చాల్సిందే. మళ్ళీ రన్‌ఫ్లాటే వెయ్యాలా, మామూలువి వెయ్యాలా? అక్కణ్ణుంచి మా ఇంట్లో అన్నం ముందు వేరే మాట లేదు. వదిన కూడా రాత్రి అన్నానికి మా ఇంటికే వస్తుంది. మా ఆయన ఫోనులో వీడియోలు చూసుకుంటూ ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. గిద్దలూరు దాటి నంద్యాల పోయే అడవి రోడ్డంటే ఆయనకు పిచ్చి. "ఆ అడివిలో టైరు పోతే దుకాణం లేదు, సెల్లు పలకదు. రన్‌ఫ్లాటే మేలు" అనేవాడు. మర్నాడు టైర్ల షాపుకు పోయి వచ్చి, "ఈటిని ఎక్కిచ్చే మిషను మన ఊర్లో లేదంట. ఒకసారి పంక్చరైతే పారెయ్యాల్సిందేనంట. మామూలుదే మేలు" అనేవాడు.

"ఆ గట్టి టైర్లు ఒద్దురా తమ్ముడా" అంది వదిన ఒక రాత్రి, నడుం పట్టుకుని. "గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా ఎన్నుపూసకే తగుల్తాంది. మెత్తటివి ఎయ్యించు."

"మామూలువి ఏస్తే స్టెప్నీ ఉండాల గదక్కా. మేకు దిగితే పంక్చరు కిట్టుతో నెట్టుకురావచ్చు, పక్క గోడ తెగితే కిట్టు ఏం చేస్తది?" కాసేపు ఆలోచించి, "సరేలే, స్టెప్నీ ఏడన్నా పెట్టుకుందాం" అన్నాడు.

ఏడన్నా అన్న మాట దగ్గర నా చేతిలో గరిటె ఆగింది. ఆయన ఆ కారు గురించి లోకంలో ఉన్న వీడియోలన్నీ చూశాడు కానీ, దాని డిక్కీలో సరుకులు సర్దింది నేను. పది కిలోల బియ్యం సంచి పట్టక ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన రోజు నాకు గుర్తుంది. వదిన ఊళ్ళో లేని రోజు అది, ఆ కారు ఎక్కిన ఒక్కసారీ బియ్యంతోనే ఎక్కాను. టాపు మడవకపోయినా ఆ డిక్కీలో చక్రం పట్టదు. ఇంక ఏడన్నా అంటే మిగిలింది ఒక్కటే చోటు.

అన్నం వడ్డిస్తూనే లెక్క వేసుకున్నాను. రన్‌ఫ్లాట్ వేస్తే నడుం నొప్పో మరొకటో, ఆ సీట్లో వదినే. మామూలువి వేస్తే వదినా లేదు, నేనూ లేను. తనకొక కన్ను పోయినా సరే, ఎదుటివాళ్ళకు రెండూ పోవాలంటారు చూడండి, అట్లాంటి దానికి నాకు క్షణం కూడా పట్టలేదు.

"వదిన చెప్పింది నిజమేనండి. పెద్దామె నడుం సంగతి చూడొద్దా మనం?" అన్నాను.

మా ఆయన నోటి దగ్గర ముద్ద ఆపి నా వైపు చూశాడు. వదిన మాటకు నేను వత్తాసు పలకడం అదే మొదలు మరి. వదినకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా బంగారు తల్లి" అని తన కంచంలోని మంచి కండముక్క తీసి నా కంచంలో వేసింది. నేను తిన్నాను. బాగుంది.

మామూలు టైర్లే వచ్చాయి. ఆదివారం పొద్దున మా ఆయన అయిదో చక్రాన్ని డిక్కీలో పడుకోబెట్టి చూశాడు, నిలబెట్టి చూశాడు, తిప్పి చూశాడు. చివరికి చెమట తుడుచుకుని తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బరువు తగలగానే మనిషెవరో కూర్చున్నారనుకుని బెల్టు పెట్టుకోమని కారు కీక్ కీక్ మని అరిచింది. స్టెప్నీకి బెల్టు పెట్టాడు.

వదిన బైబిలు పట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. "ఇదేందిరా?"

"స్టెప్నీ అక్కా. మెత్తటివి ఎయ్యించమని నువ్వే అంటివి గదా."

"ఇంట్లో పెట్టి పోదాంరా, ఈ కాస్త దూరానికి."

"పోయినసారి తెగింది ఈ రోడ్డులోనే గదక్కా. ఇంట్లో పెట్టిన స్టెప్నీ ఇంట్లోనే ఉంటది."

నేను తాళం మరిచిపోయినట్టు లోపలికి పోయి, తనివితీరా నవ్వుకుని వచ్చాను.

ఆటో ఎక్కాం, వదినా నేనూ, వెనక సీట్లో పక్కపక్కన. సంచిలో ఒక నిమ్మకాయ, ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకున్నాను. ప్రేమతో కాదు. ఇన్నేళ్ళుగా వింటున్న ఆ కళ్ళు తిరగడమేందో ఈ రోజు చూద్దామని. ఆటో ఎగిరెగిరి పడుతోంది. వదిన రాయిలా కూర్చుని, ఎవరి చేలో కంది వేశారో, ఎవరి మిరపకు తెగులొచ్చిందో చెప్పుకుంటూ వస్తోంది. సగం దూరం వచ్చాం. ఆమె మొహంలో మార్పు లేదు.

ఉండబట్టలేక నిమ్మకాయ చేతిలోకి తీసుకుని అడిగాను. "కండ్లు తిరగడం లేదా వదినా?"

ఆమె చేల మీంచి చూపు తిప్పలేదు. "నాకెప్పుడు తిరిగినాయే" అంది.

"మరి ఇన్నేండ్లు?"

"ముందు కూర్చోకపోతే వాడు నాతో మాట్లాడడు గదమ్మా. పెండ్లి అయినంక వాని మాటలన్నీ నీ పాలాయ. ఇంటికొస్తే 'తిన్నావా అక్కా' అంటాడు, ఇంక సెల్లు పట్టుకుంటాడు. బండిలో అయితే పక్కన ఎవరుంటే వాళ్ళతో మాట్లాడతాడు. నిన్ను చూస్తే నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో తెల్సా? పగలూ రాత్రీ వాడు నీకాడనే."

నేను నిమ్మకాయ మళ్ళీ సంచిలో పడేశాను. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరున్నారు. ఇన్నేళ్ళూ నేను అడుక్కునేదాన్ననుకుంటే, ఆమె కంటికి నేను కలిగినదాన్ని. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంట్లో ఆయన నాతో అనేది కూరలో ఉప్పు చాల్లేదనేనని చెప్పబోయి ఆగాను. చెబితే ఆ కుళ్ళు పోతుంది.

"బండిలో అంతసేపు ఏం చెప్పేవాడు వదినా?"

"ఏముంది. ఇంజను, మైలేజీ, ఈ టైర్లు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఊ అంటా కూర్చునేదాన్ని. వాడు నవ్వితే నేనూ నవ్వేదాన్ని."

అంతలో వెనక హారను మోగింది. నీలం కారు మమ్మల్ని దాటుకుపోయింది. టాపు తీసి ఉంది. స్టెప్నీ బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. మా ఆయన ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ, తల అటు తిప్పి ఏదో వివరంగా చెబుతున్నాడు.

"ఎవరితో మాట్లాడతాండాడు? సెల్లులోనా?" అంది వదిన.

"ఈ రోడ్డులో సెల్లు పలకదు వదినా."

ఇద్దరం మెడలు బయటికి చాచి ఆ దుమ్ము వైపు చూశాం.

"అది ఊ అని కూడా అనదు గదా" అంది వదిన. ఆ గొంతులో ఉన్నదేందో నాకు బాగా తెలుసు. నాలోనూ అప్పుడు అదే ఉంది. నా చెయ్యి పట్టుకుంది. "ఇవి తీపిచ్చి మళ్ళా ఆ గట్టి టైర్లే ఎయ్యిద్దాం. మనిద్దరం ఒక మాట మీద ఉంటే వాడు కాదనడు. పోయేటప్పుడు నేను కూర్చుంటా, వచ్చేటప్పుడు నువ్వు కూర్చో."

బాగానే ఉందనిపించింది. ఊ అనబోయాను. అంతలో మనసు దాని పని అది చేసింది. పోయేటప్పుడంటే పొద్దుటి చల్లగాలి, నలగని చీర, చర్చి ముందు ఊరంతా చూస్తుండగా దిగడం. వచ్చేటప్పుడంటే మిట్టమధ్యాహ్నం, టాపు తీసిన కారులో నడినెత్తిన ఎండ.

"పోయేటప్పుడు నేను కూర్చుంటా వదినా" అన్నాను.

"ఏం?"

"ఆటోలో నాకు కండ్లు తిరుగుతాండాయి."