ఎడమచేతి దేవతలు

లీవెన్ చెక్కిన సుగుణ దేవతలందరికీ ఎడమచేతివాటమే. అతని న్యాయదేవత కత్తి దూసేది ఎడమచేత్తో. మితం కూజా వంచేది ఎడమచేత్తో. కరుణమ్మ అయితే చంటివాడికి రొట్టె పెట్టడం కూడా ఆ చేత్తోనే.

రాగిరేకు మీద కుడివైపు చెక్కింది అచ్చు తీస్తే కాగితం మీద ఎడమవైపు పడుతుంది. అందుకే ఆంట్వెర్ప్ పట్నంలో పని నేర్చినవాడెవడైనా బొమ్మను తిరగేసి చెక్కుతాడు. జుట్టు నెరిసినా లీవెన్‌కి ఆ మొదటి పాఠం ఒంటబట్టలేదని వీధంతా నవ్వేది. చెయ్యి మాత్రం అమోఘం. అతని దేవతల పట్టు కుచ్చెళ్ల మీద వాలబోయి ఈగలు జారిపడేవి.

కొట్లో కూర్చునేది, కొనేవాళ్ల ఎగతాళి భరించేది భార్య మాయికె.

"మళ్లీ ఎడమచెయ్యేనా, మహానుభావా?"

"నన్నంటావేమే? రాగిరేకు తిప్పేసింది."

"తిప్పేస్తుందని తెలుసుగా!"

"తెలుసు. గుర్తుండొద్దూ?"

అమ్ముడుపోని బొమ్మల్ని అతను, దిక్కులేని ఆడవాళ్లు లేసు కుట్టుకుని బతికే ధర్మశాల లేసుగదికి ఊరికే ఇచ్చి, స్వయంగా గోడకి మేకులు కొట్టి వచ్చాడు. అక్కడ పెత్తనం చేసే పెద్దమ్మ బెయాట్రిస్ రోజూ వాటికి దణ్ణం పెట్టి పని మొదలుపెట్టించేది.

ఒకరోజు మాయికె స్నేహితురాలు టానెకె ఏడుస్తూ వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు కూడూ గూడూ ఆ లేసుగదే. సూది పట్టేది ఎడమచేత్తో. అది సైతాను చెయ్యని, శనివారానికల్లా గది ఖాళీ చెయ్యమని పెద్దమ్మ చెప్పేసిందట.

లీవెన్ సుత్తి తీసుకుని బయల్దేరాడు. వెనకే ఆడవాళ్లిద్దరూ పరుగు. లేసుగదిలో బల్ల ఎక్కి, న్యాయదేవత మేకు పెకలించబోయాడు.

"ఏంటయ్యా ఈ పని?" పెద్దమ్మ కేకేసింది.

"ఎడమచేతివాళ్లను పంపించేస్తున్నారట కదమ్మా. న్యాయాన్ని, మితాన్ని నేను మోసుకుపోతా. కరుణ కొంచెం బరువు, మీరూ ఓ చెయ్యెయ్యండి."

లేసు కుట్టే ఆడవాళ్లు పెదవులు కొరుక్కుని నవ్వు ఆపుకున్నారు. పెద్దమ్మ కరుణ వంక చూసింది, టానెకె వంక చూసింది.

"దిగు ముందు. పడి చస్తావు," అంది. తర్వాత టానెకెను కసిరింది: "నువ్వేం నిలబడ్డావ్? ఆ అంచు ఎవరు పూర్తిచేస్తారు?"

ఇంటికొచ్చాక మాయికెకి బల్ల మీద, పొద్దున అతను తీసిన తడి ఆరని కొత్త అచ్చులు కనిపించాయి. ఈసారి పాపాలు. గర్వం అద్దం పట్టుకుంది కుడిచేత్తో. లోభం సంచి బిగించింది కుడిచేత్తో. కోపం కత్తి ఎత్తింది కుడిచేత్తోనే.

మాయికె నడుం మీద చేతులు వేసుకుంది. "ఇప్పుడెలా గుర్తుందయ్యా?"

"నాకెక్కడిదే గుర్తు," అన్నాడు లీవెన్, ఉలి తుడుచుకుంటూ. "రాగిరేకుకే బుద్ధొచ్చినట్టుంది."