కొండకు పోకుండానే గుండు

మా వీధిలో ఈమధ్య నాకు దండాలు పెడతాండారు. నవ్వకండి, నిజం! పాలాయన చెప్పులు విడిచి మరీ పాలు పోస్తాండాడు. ఎదురింటి కోడలు చంటిబిడ్డను ఎత్తుకొచ్చి నా కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. ఇంతకూ నేను చేసిన ఘనకార్యం ఏమంటే, తలకు రంగు వేసుకోవడం. ఆ రంగుకూ ఈ దండాలకూ సంబంధం ఏందంటారా? టీ తాగుతా వినండి.

మా ఆయన పోయి మూడేండ్లయింది. అంతకుముందు రెండేండ్లు మంచంలోనే ఉన్నాడు. ఆ రెండేండ్లూ నేను అద్దం ముందు నిలబడింది బొట్టు పెట్టుకోవడానికి మాత్రమే. ఆయన పోయినాక ఆ పని కూడా లేకపోయె. పదకొండో రోజు మా తోటికోడలు నాగలక్ష్మక్క నా బీరువా తెరిచి, "ఇంక ఇవి నీకెందుకులే సుశీలా, పురుగు పడతాయి" అని పట్టుచీరలన్నీ ఎత్తుకొనిపోయింది. ఏడుస్తానే ఎత్తుకొనిపోయింది, అది కూడా చెప్పాల. ఒక చేత్తో కండ్లు తుడుచుకుంటా, ఇంకో చేత్తో జరీ చూసుకుంటా.

మా వంశంలో జ్ఞాపకమంతా నా దగ్గరే ఉంటుంది. ఎవరి తిథి ఎప్పుడు, ఎవరిది ఏ గోత్రం, ఏ పెండ్లిలో ఎవరికి ఏ చీర పెట్టినారు, అన్నీ నన్నే అడుగుతారు. పెండ్లికి మాత్రం పిలవరు. పత్రిక అచ్చుకు ఇచ్చే ముందు, "సుశీలత్తా, మా ముత్తాత పూర్తి పేరేంది?" అని ఫోన్ చేస్తారు. చెప్తాను. నెల తిరిగేసరికి పెండ్లి ఫోటోలు సెల్లులో వస్తాయి. అందులో నా కనకాంబరం రంగు పట్టుచీర నాగలక్ష్మక్క మీద వెలిగిపోతా ఉంటుంది. నా చీరకు పిలుపు వచ్చింది, నాకు రాలేదు.

ఇట్లాంటి నాకు మొన్న ఉద్యోగం వచ్చింది! అనంతపురంలో చీరల షాపు పెట్టిన స్వప్న అనే అమ్మాయి, నా కూతురు లత స్నేహితురాలు. ఒకరోజు లతతో పాటు షాపుకు పోయి, ఒడిబియ్యానికి ఏ అంచు చీర పెట్టాల, సీమంతానికి ఏ రంగు పనికిరాదు అని ఎవరో అడిగితే నాలుగు మాటలు చెప్పినాను. అక్కడికక్కడే పట్టుకుంది.

"ఆంటీ, మీరు మా షాపుకు రావాల. వచ్చే వారం కాక, ఆ పై గురువారం నుంచి. ఒక్క మాట, ఏమనుకోకండి. కౌంటర్‌లో నిలబడేవాళ్లు కొంచెం ఫ్రెష్‌గా ఉండాల. మిమ్మల్ని చూసి మా చీర కొనాల కదా!"

ఏమీ అనుకోలేదు. ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాను. వెలిసిపోయిన బూడిద రంగు చీర, దానికి మ్యాచింగ్ జుట్టు. నలభై తొమ్మిదేండ్లకు నన్ను నేనే అవ్వా అని పిలిచేటట్లు ఉండాను. ఆ రోజే చిలకపచ్చ కాటన్ చీర ఒకటి కొనుక్కున్నాను. చీర కొన్న ధైర్యంతోనే మందుల షాపులో రంగు ప్యాకెట్ కూడా అడిగినాను. చీర పేరు గట్టిగానే చెప్పినాను కానీ, ప్యాకెట్ పేరు షాపాయనకు మూడుసార్లు చెప్తే కానీ వినపడలేదు.

ఇంత చాటు ఎందుకంటే, పోయిన నెల నాగలక్ష్మక్క మా అరుగు మీద కూర్చొని, పక్క వీధి టీచరమ్మను గురించి, "మొగుడు పోయినదానికి తలకు రంగేందమ్మా, ఎవరికి చూపించడానికి?" అనింది. అందరూ నవ్వినారు. నేనూ తలూపినాను. ఇప్పుడు రంగు పూసుకోబోయేది ఆ తలకే!

ఇంక చూడండి నా తెలివి. మా బుక్కరాయసముద్రంలో మా వీధికి నాలుగు రోజులకొకసారి కొళాయి నీళ్లొస్తాయి. ఈసారి శనివారం పొద్దున ఏడుకు మా వంతు పడింది. శనివారమైతే ఎట్లాగూ తలస్నానం చేస్తాను కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆరున్నరకు రంగు పూసుకుంటే, అరగంట ఆరేసరికి నీళ్లు వస్తాయి. టైముకు టైము! ప్యాకెట్ మీద సన్నని అక్షరాలతో ఇంకా ఏందేందో ఉండాది కానీ, కండ్లద్దాలకు రంగు అంటుతుందని తీసి పక్కన పెట్టినాను. అరగంట అన్నది మాత్రం పెద్ద అక్షరాలు, కనపడింది.

ఏడయింది. నీళ్లు రాలేదు. ఏడుంపావు. కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. ఏడున్నర! యాడో పైపు పగిలిందంట, వీధిలో అరుచుకుంటాండారు. తొట్టి చూస్తే అడుగున పాచి తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు కదా! ఇంట్లో ఉండే నీళ్లన్నీ ఒక్కటే ఇత్తడి బిందె. అది స్వామి పూజకు మడిగా పట్టి పెట్టింది. దాని మీద చెయ్యి వేయబోయి ఆగిపోయినాను. దేవుని నీళ్లతో షోకు కడుక్కుంటానా? లెంపలు వేసుకున్నాను. లెంపలకు కూడా రంగు అంటింది.

నెత్తి చురచురమంటాంది. అంతలో కిటికీ దగ్గర గొంతు.

"సుశీలా! మన మామ తిథి ఈ నెలా, వచ్చే నెలా?"

నాగలక్ష్మక్క! టవల్ చుట్టుకొని కిటికీ రెక్క వేలెడంత తెరిచినాను.

"వచ్చే నెలక్కా. బహుళ పంచమి."

"తలుపు తియ్యే, కూర్చొని మాట్లాడదాం."

"తలనొప్పక్కా. శొంఠి పట్టు వేసుకున్నా. గాలి తగలకూడదు."

"శొంఠేందే ఇట్లా కంపు కొడతాంది? చేనికి మందు కొట్టినట్లుండాది!"

"పాత శొంఠి అక్కా."

పోతుందనుకుంటే అరుగు మీద కూర్చుంది. వాళ్లన్న కూతురి పెండ్లి సంబంధం, పిల్లోని వాళ్ల మేనత్త గోత్రం, వాళ్లకూ మనకూ వరస ఎట్లయితాది, అన్నీ కిటికీలోంచే అడిగింది. నేను లోపల గోడకు తల ఆనించి ఒక్కొక్కటీ చెప్తాండాను. నెత్తి మీద పొయ్యి వెలిగించినట్లుండాది. వరస మాత్రం ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు!

పోతా పోతా ఏమనిందో తెలుసా?

"నీళ్లు గీళ్లు కావల్నా? మా బోరు పోస్తాంది. రెండు బిందెలు పంపిస్తా."

దేవుడు ఎదురుగా నిలబడి వరం కోరుకోమన్నట్లు కదా! నేనేమన్నాను?

"వద్దక్కా. ఉండాయి."

రెండు బిందెలొస్తే తలుపు తీయాల. తలుపు తీస్తే తల కనపడాల. అంతే.

తొమ్మిదిన్నరకు నీళ్లొచ్చినాయి. కడుక్కొని అద్దం చూసుకున్నాను. మంట సంగతి పక్కన పెట్టండి. నల్లగా, నిగనిగమంటా, మా ఆయన మంచం పట్టకముందు నేను ఎట్లుంటినో అట్ల ఉండాను. తలుపు గడియ పెట్టి చిలకపచ్చ చీర కట్టుకొని ఇంట్లోనే అటూ ఇటూ తిరిగినాను. ఆ సాయంత్రం వరకూ నేను బాగుండాను. ఇది చూసిన మనిషి ఎవరూ లేరు. కాబట్టి మీరు నా మాటే నమ్మాల.

ఆదివారం పొద్దున లేస్తే కండ్లు తెరుచుకోలేదు. ముఖం గుమ్మడికాయంత! నెత్తంతా బొబ్బలు. లత అనంతపురం నుంచి ఆటోలో పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, నాతో చెప్తే పార్లర్‌కు తీసుకపోయేదాన్ని కదా!"

"నీకు చెప్పడానికే ఎక్కువ సిగ్గయింది."

చర్మం డాక్టరు చూసి, "ఎంతసేపు ఉంచుకున్నారమ్మా?" అన్నాడు.

"మూడు గంటలు సార్."

"అరగంటే అని రాసి ఉంటుంది కదా?"

"నీళ్లు రాలేదు సార్."

ఆయన కూడా ఈ ఊరాయనే. ఇంకో ప్రశ్న అడగలేదు. మందు పూయాలంటే వెంట్రుకలు తీసేయాలన్నాడు. జన్మలో మళ్లీ ఈ రంగు జోలికి పోవద్దన్నాడు. మంగలి ఆయన్ను పిలిపించినారు. కత్తి పెట్టే ముందు ఆయన అలవాటు కొద్దీ "గోవిందా" అన్నాడు. నేనూ అలవాటు కొద్దీ "గోవిందా" అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయన మంచంలో ఉన్నప్పుడు, లేచి తిరిగితే తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. స్వామి ఆయన్ను లేపలేదు, నేను కొండకు పోలేదు. ఇప్పుడు మందుల వాసన మధ్యలో జుట్టు ఒళ్లో పడతా ఉంటే, ఏడవాల్నో దండం పెట్టాల్నో తెలియక కండ్లు మూసుకున్నాను. అవి ఎట్లాగూ మూసుకొనే ఉండాయి.

వీధిలో ఆటో దిగంగానే మొదలు. "గోవిందా! ఎప్పుడు పోయినావమ్మా కొండకు?" అని పాలాయన. "చెప్పింటే నేనూ వస్తాంటి కదా పిన్నీ!" అని ఎదురింటి కోడలు. నేను అబద్ధం ఆడలేదు. నోరు తెరవలేదు, అంతే. నోరు తెరవకపోవడం నాకు బాగా అలవాటు.

నాగలక్ష్మక్క వచ్చి రెండు చేతులూ జోడించింది. మూడేండ్లలో మొదటిసారి నన్ను తేరిపార చూసి, "ఇప్పుడు కదా సుశీలా నిండుగా కనపడతాండావు! ముఖంలో ఎంత కళ!" అనింది.

వాపును కళ అనింది!

సాయంత్రం నుంచి ప్రసాదం కోసం గిన్నెలు పట్టుకొచ్చినారు. లత నెమ్మదిగా, "అంగట్లో బూందీ లడ్డు తెచ్చి పంచేద్దామా?" అనింది.

"స్వామి పేరు చెప్పి అంగడి లడ్డా! కండ్లు పోతాయి."

"ఇప్పటికే పోయినట్లుండాయి కదమ్మా."

"లడ్డూలు లేవమ్మా" అంటే, "రద్దీ అంత ఉండాదా?" అని వాళ్లే జాలిపడి పోయినారు.

రెండ్రోజులు ఊరుకున్నాను. మూడో రోజు నాగలక్ష్మక్క నలుగురు ఆడవాళ్లను వెంటేసుకొని, టెంకాయ, అరటిపండ్లతో వచ్చింది. "మా అన్న కూతురి పెండ్లికి నువ్వు రావాల. కొండకు తలనీలాలిచ్చి వచ్చినదానివి. పిల్ల నెత్తిన మొదటి అక్షింతలు నీ చేత్తోనే పడాల" అనింది.

పెండ్లి పిలుపు! మూడేండ్ల తర్వాత! తలూపితే సరిపోతుంది. కానీ అక్షింతలంటే ఆటలా? దేవుని పేరు మీద దొంగ గుండుతో పోయి ఒక ఆడపిల్ల నెత్తిన చెయ్యి పెడతానా? చెప్పేసినాను.

"అక్కా, నేను కొండకు పోలేదు. తలకు రంగు వేసుకున్నా. నీళ్లు రాక నెత్తి కాలిపోయింది. డాక్టరు గుండు చేయించినాడు."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంక పక్క వీధి టీచరమ్మకు జతగా నా పేరు కూడా అరుగుల మీదికి ఎక్కినట్లే అనుకున్నాను.

నాగలక్ష్మక్క పకపకా నవ్వింది.

"చూసినారా! పుణ్యం నోటితో చెప్పుకుంటే తరిగిపోతుందని ఎట్ల దాస్తాండాదో! సుశీల తలకు రంగా! ఈమె సంగతి నాకు తెలీదా?"

"నిజం పెద్దమ్మా" అని లత మందుల చీటీ చూపించింది. "నువ్వూ మీ అమ్మ పోలికే" అని నాగలక్ష్మక్క దాని బుగ్గ నిమిరింది.

"ఒట్టక్కా! నాకు నల్లజుట్టుతో కనపడాలని ఉండె."

"ఎవరికే, నువ్వు కనపడాల్సింది?"

ఆ మాటలో వెటకారం లేదు. టీచరమ్మను అన్నప్పుడు ఉండేది. నా దగ్గర మాత్రం ముద్దుగా, చంటిబిడ్డ పెద్ద మాట మాట్లాడితే నవ్వినట్లు నవ్వింది. టీచరమ్మ రంగు వేసుకుంటే తప్పు. నేను వేసుకుంటే అసలు జరగని పని! అందరూ నాకు మళ్లీ దండం పెట్టి, ఈసారి ఇంకొంచెం వంగి పెట్టి, పోయినారు.

గురువారం వచ్చింది. చిలకపచ్చ చీర కట్టుకొని, గుండు మీద కొంగు కప్పుకొని షాపుకు పోయినాను. స్వప్న చూసి, "ఏందాంటీ, తిరుపతా?" అనింది.

ఆ అమ్మాయి కూడా నమ్మదనుకుంటానే, "కాదమ్మా. హెయిర్ డై" అన్నాను.

"అయ్యో దేవుడా, ఏ కంపెనీది ఆంటీ? తొందరగా చెప్పండి, మా అమ్మ కూడా ఏదో ఒకటి వేసుకుంటాంది!" అని ఫోన్ చేతికి తీసుకుంది.

ఒక్క మాటకే నమ్మేసింది! కొంగు జారిపోయినా సర్దుకోవడం మర్చిపోయి కంపెనీ పేరు చెప్పినాను. ఆ పొద్దు గుండుతోనే కౌంటర్‌లో నిలబడినాను. చీరలు కూడా అమ్ముడుపోయినాయి.

నిన్న అద్దంలో చూసుకుంటే జుట్టు మొలుస్తాంది, బొంబాయి రవ్వ చల్లినట్లు. రంగు కూడా అదే! ఒక్క నల్లది లేదు. డాక్టరు రంగు వద్దన్నాడు కాబట్టి, కొంచెం పెరగనిచ్చి గోరింటాకు పెట్టుకుందామనుకుంటాండా. ఎర్రగా ఉంటుందంట. ఉండనీ. తలుపులు కూడా మూసుకోను, అరుగు మీదే కూర్చొని పెట్టుకుంటాను. నాగలక్ష్మక్క చూస్తుందనే భయం కూడా లేదు. కండ్లారా చూసినా ఆమె నమ్మదు.