పాత డిస్కులోని వాంగ్మూలం

ఆఫీసు కంప్యూటర్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు రావడం మొదలైన మూడో రోజుకి నాకు అన్నం సహించడం మానేసింది.

అప్పుడు నేను భద్రాచలం అడవి అంచున ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఆపరేటర్‌ని. పోడు భూములకు హక్కు పత్రాలు ఇస్తారని గూడెం గూడెంలో దరఖాస్తులు తీసుకుంటున్న రోజులవి. మూడు గూడేల దరఖాస్తులు, చేతితో గీసిన పటాల స్కాన్‌లు, ఫొటోలు అన్నీ ఆ ఒక్క మిషన్‌లోనే ఉండేవి. ఎవరో వాడి వదిలేస్తే మాకిచ్చిన పాత కంప్యూటర్ అది. ర్యామ్ నూట ఇరవై ఎనిమిది ఎంబీ. ఒక పటం తెరిస్తే టీ తాగి వచ్చేదాకా గడియారం బొమ్మ తిరుగుతూనే ఉండేది. డిస్కు నిండిపోయింది, టిక్కుమంటున్నదీ అదే. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తించేది కాదు.

అందులోనే ఒక పెద్దాయన వాంగ్మూలం కూడా ఉంది. తన పోడు ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా ఉందో, ఏ ఏడు ఏ పంట వేశాడో కోయ భాషలో నలభై నిమిషాలు చెప్పాడు. అరువు తెచ్చిన రికార్డర్‌లో పట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, రికార్డర్‌ని ఖాళీ చేసి తిరిగి ఇచ్చేశాం. దాన్ని తెలుగులో రాయించి దరఖాస్తుకు జతచేయడం నా పని. రేపు మాపు అంటూ నెల గడిపాను. ఈలోగా పెద్దాయన జ్వరం వచ్చి చనిపోయాడు. దరఖాస్తుల విచారణకు ఇంకా ఆరు రోజులుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా తప్పే నాకు వినిపించేది.

కొత్త డిస్కు, కొత్త ర్యామ్ వేయించడానికి మా సార్ ఒప్పుకున్నారు. మిషన్‌ని కొత్తగూడెం తీసుకెళ్లాలి. పొద్దున్నే కంప్యూటర్ కేబినెట్‌ని దుప్పట్లో చుడుతుంటే గుమ్మంలో పెద్దాయన భార్య నిలబడి ఉంది.

"దీన్ని యాడికి తీస్కపోతున్నవ్ బిడ్డా?"

"కొత్తగూడెం, అవ్వా. పాడయ్యేటట్టున్నది. లోపల కొత్త సామాను ఏపించుకొస్త."

"మా ఆయన మాట అందులనే ఉన్నదంటివి గద."

"అవ్, అందులనే."

"అయితే నేనూ వస్త."

బస్సు దూరం, ఎండ అని ఎంత చెప్పినా వినలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. కేబినెట్ నా ఒళ్లో. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఆమె రెండు చేతులూ దాని మీద పెట్టేది.

అడవి మధ్యలో చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. నక్సలైట్ల కోసం గాలిస్తున్న ఆ రోజుల్లో మూట కనిపిస్తే విప్పించేవాళ్లు. ఒక పోలీసాయన ఎక్కి నేరుగా మా దగ్గరికే వచ్చాడు.

"ఏందిది?"

"కంప్యూటర్ సార్. రిపేరుకు తీస్కపోతున్న."

"మూత ఇప్పు."

"స్క్రూలు సార్. నా దగ్గర స్క్రూడ్రైవర్ లేదు."

"అయితే కిందికి దింపు. లోపల చూస్తం."

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఇది పోతే మధ్యాహ్నం దాకా బస్సు లేదు. నేను లేచేలోపే ఆయన కేబినెట్‌ని ఒక అంచు పట్టుకుని పైకి లాగాడు. లోపల ఏదో కదిలినట్టు అనిపించింది. 

"మెల్లగ పట్టుకో బిడ్డా," అంది అవ్వ. "అందుల మా ముసలాయన ఉన్నడు."

బస్సులోవాళ్లంతా మా వైపు తిరిగారు. ఆయన ఆమె వైపు, నా వైపు చూశాడు. నేను గబగబా చెప్పాను: చనిపోయినాయన గొంతు, పోడు దరఖాస్తు, విచారణ తేదీ. సంస్థ కార్డు చూపించాను. ఆయన కేబినెట్‌ని మళ్లీ నా ఒళ్లో పెట్టి, వెనక కన్నాల్లోంచి టార్చి వేసి చూశాడు. వైర్లు, దుమ్ము. టార్చి ఆర్పి దిగిపోయాడు. 

కొత్తగూడెంలో మెకానిక్‌ది ఒకే గది దుకాణం. ఆయన డిస్కు విప్పి, తన మిషన్‌కి తగిలించి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. తిరగడం మొదలైంది. టిక్కు, టిక్కు.

"చెల్లె, ఇది ఆఖరి దశల ఉన్నది. ఒకసారి ఆగితే మళ్ల లేస్తదో లేదో చెప్పలేను. రెండింటికి కరెంటు పోతది. ఏది ముఖ్యమో చెప్పు, మొదలు అది తీద్దం."

"గొంతు అన్నా. ఆ ఫైలు."

గోడ మీద గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. తెర మీద ఆకుపచ్చ గీత పాకుతూ పోయింది. ముప్పావు దాకా వచ్చి ఆగింది. టిక్కులు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. గీత కదల్లేదు.

"ఈడ చెడిపోయింది," అన్నాడు మెకానిక్. "దీని మీదనే కొట్లాడితే డిస్కు మొత్తం పోవచ్చు. వదిలేసి మిగిలినయి తీస్తె అవి దక్కుతయి. జల్దీ చెప్పు."

మిగిలినవంటే మూడు గూడేల కాగితాలు. అవ్వ నా పక్కనే స్టూలు మీద కూర్చుని తెరనే చూస్తోంది. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాను. వచ్చినంత వచ్చింది, మిగతాది ఇరుక్కుంది, అందరి కాగితాలూ ఇంకా లోపలే ఉన్నాయని. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. చీర కొంగును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నిర్ణయం నాదేనని తెలిసింది.

"వదిలెయ్ అన్నా. మిగతావి తియ్యి," అన్నాను. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

దరఖాస్తులు వచ్చాయి. పటాలు వచ్చాయి. ఫొటోలు సగంలో ఉండగా చెప్పినట్టే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటూ అరవసాగింది. దాని కూతల మధ్య డిస్కు టిక్కులు లెక్కపెడుతూ నిలబడ్డాను. ఆఖరి ఫొటో వచ్చాక మెకానిక్ మళ్లీ గొంతు ఫైలుకు వెళ్లాడు. డిస్కు ఒకసారి గీరినట్టు మోగి ఆగిపోయింది. ఆపి, ఆన్ చేశాడు. ఇక తిరగలేదు.

కరెంటు వచ్చాక ఆ ఫైళ్లన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించి, దాన్ని మా మిషన్‌లో బిగించాడు. కొత్త ర్యామ్ పెట్టి ఆన్ చేస్తే పొడుగాటి బీప్‌లు.  ఆయన నింపాదిగా ర్యామ్ తీసి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, రెండు వైపులా క్లిప్పులు పడేదాకా నొక్కాడు. ఈసారి తెర వెలిగింది.

వాంగ్మూలం పెట్టాడు. పెద్దాయన దగ్గు, తర్వాత గొంతు. నాకు కోయ అంతగా రాదు, చోట్ల పేర్లు మాత్రం తెలుస్తున్నాయి. ఒక్కో పేరుకూ అవ్వ తలాడిస్తోంది. ముప్ఫై ఒకటో నిమిషంలో మాట మధ్యలో తెగిపోయింది.

అవ్వ ఇంకా వింటూనే ఉంది.

"అయిపోయింది అవ్వా. గంతే వచ్చింది. నేను ముందే రాసుకోవాల్సి ఉండె. తప్పు నాది."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత, "మూడు దిక్కులే చెప్పిండు," అంది. "పడమటి దిక్కు చెప్పకముందే ఆగింది."

"ఆ దిక్కు ఎవరికి తెలుసు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నాకు తెల్వదా? ఆ చెలకల చెట్టు కొట్టింది ఆయనైతే గడ్డి తీసింది నేను. ముప్పై ఏండ్లు. నన్ను ఎవరు అడిగిండ్రు?"

ఎవరమూ అడగలేదు. రికార్డు చేసిన రోజు ఆమె అక్కడే ఉంది. మాకు మంచినీళ్లు ఇచ్చింది. పెద్దమనిషి వాంగ్మూలం అనగానే మా కళ్లు ఆయన వైపే తిరిగాయి.

తిరుగు బస్సులో నోటు పుస్తకం తీశాను. కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నా ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. పడమట ఎర్రబండ, దాని కింద ఊట, ఊట నుంచి ఇప్పచెట్ల వరస. మిగతా మూడు దిక్కులూ అడిగాను. పెద్దాయన చెప్పినదానికి ఒక్కచోట తేడా వచ్చింది. "ఆయనకు సరిగ యాదిలేదు, నాది రాయి," అంది. రాశాను.

విచారణ రోజు ఆమే నిలబడి మాట్లాడింది. "ఎర్రబండ ఎటు?" అని అధికారి రెండుసార్లు తిప్పి అడిగాడు. రెండుసార్లూ కిటికీలోంచి చెయ్యి చూపించి చెప్పింది. చాలాకాలానికి ఆమె పేరున పత్రం వచ్చింది. అడిగినంత రాలేదు, ఊట వైపు ముక్క కోసేశారు. పత్రం తీసుకుని మా ఆఫీసుకు వచ్చి, నన్ను చదివి వినిపించమంది. విన్నాక, "మళ్ల అర్జీ రాయి," అంటూ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.