మా మరిది బేరమాడి అమ్మించిన ఇల్లు

కోనసీమలో ఉన్న మా ఇంటిని 2023లో పంచాయతీకి అమ్మేశాను. సంతకం నాది, డబ్బు నాది. కష్టపడి బేరమాడింది మాత్రం మా మరిది. ఆ మేలుకు ఇంతవరకు ఆయనకు దండం పెట్టలేదు. పెట్టను కూడా.

అది దుబాయ్ దగ్గర రాస్ అల్ ఖైమాలో ఒక ఇంట్లో వంట చేసి నేను కట్టించుకున్న ఇల్లు. 2009లో పునాది, 2011 మార్చిలో గృహప్రవేశం. ఐదు సెంట్ల స్థలం, రెండు పడకగదులు, ముందు వరండా, వెనక పెద్ద దొడ్డి. మా వైపు నుంచి దుబాయ్ వచ్చిన ఆడవాళ్ళు డబ్బు పంపుతారు, కాగితాలు మాత్రం మగవాళ్ళ పేరు మీద పుడతాయి. నాకు అప్పటికే భర్త లేడు, పిల్లలు కలగలేదు. అందుకని స్థలం నా పేరునే రాయించుకున్నాను. ఖాళీగా ఉంటే చెదలు పడుతుందని మరిది కుటుంబాన్ని అందులో ఉండమన్నదీ నేనే. అద్దె అడగలేదు. తమ సొంత ఇంటిని వాళ్ళు రొయ్యల కంపెనీ మనుషులకు అద్దెకిచ్చుకుని ఆ డబ్బు తిన్నారు. దానికీ ఏమీ అనలేదు.

2020లో విమానాలు ఆగిపోయాయి. అవి మళ్ళీ తిరిగినా నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, తల్లికి ఆరోగ్యం బాగాలేక సెలవు దొరకలేదు. ఆమెను నేను మామా అని పిలుస్తాను, అరబ్బులు అమ్మను పిలిచేది అలాగే. చివరికి 2022 ఏప్రిల్ తొమ్మిదిన ఊళ్ళో దిగాను. నా పెట్టె వరండాలో మడతమంచం పక్కన పెట్టి ఉంది.

"అక్కా, నీకు వరండాలో అయితే గాలి బాగా వస్తుంది. గదిలో ఉక్క" అంది తోడికోడలు. ఆ గదిలో ఏసీ ఉంది. అంతకు ముందు వేసవికి దాని డబ్బు పంపింది నేను.

నలభై రోజుల సెలవూ వరండాలోనే పడుకున్నాను. పాలవాడు, కేబుల్ అబ్బాయి, దారిన పోయేవాళ్ళు అందరూ నేను నిద్ర లేవడం చూశారు. మూడో వారం మరిది తిరుగు టికెట్టు ఎప్పటికని అడిగాడు. 2021 ఎన్నికల్లో ఆయన వార్డు మెంబరు అయ్యాడు, వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ. ఒకసారి ఎవరో పెద్దమనిషి వస్తే నన్ను చూపించి, "మా వదిన. దుబాయ్ నుంచి వచ్చింది. పాపం, ఆవిడకి ఎవరూ లేరని మా ఇంట్లో ఉంచుకున్నాం" అన్నాడు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. అప్పుడు నేను నోరు తెరవకపోవడం మంచిదైంది. తెరిచి ఉంటే ఆయన జాగ్రత్తపడేవాడు.

మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మరిది ఫోన్ చేశాడు. అన్నాళ్ళ తర్వాత గొంతులో అంత తేనె విన్నాను. పశువుల ఆసుపత్రికి పంచాయతీ వాళ్ళు ఇల్లు కొనాలని చూస్తున్నారట. చెరువు వేలంపాటల డబ్బు జమ ఉందట. దొడ్డి పెద్దదని మన ఇల్లు వాళ్ళకు నచ్చిందట. పాత ఇల్లు, గోడలు నెమ్మెక్కాయి, పది లక్షలు ఇస్తామంటున్నారు, ఇంతకంటే రాదు అన్నాడు. ఆ డబ్బుతో తన స్థలంలో డాబా వేస్తాడట, అందులో నాకూ ఒక గది ఉంటుందట.

"నువ్వు ఇంత దూరం రానక్కర్లేదు వదినా. నా పేరున ఒక పవరాఫ్ అటార్నీ రాసి పంపు. మిగతాది నేను చూసుకుంటాను."

చూద్దాంలే అబ్బాయ్ అన్నాను.

మర్నాడు మా అన్నయ్య కూతురిచేత పంచాయతీ కార్యదర్శి నంబరు తెప్పించుకున్నాను. ఆయన మర్యాదస్తుడు. ఇంటి యజమానినని చెప్పగానే, మీ ఫోన్ కోసమే చూస్తున్నానండి అన్నాడు. తీర్మానం ఎంతకు చేశారని అడిగాను. పదమూడు లక్షల యాభై వేలు. మొదట పదకొండు అనుకున్నారట. మా మరిదే నిలబడి, పక్క వీధిలో సెంటు ఎంత పలికిందో, దొడ్డిలో బోరుకు ఎంత ఖర్చయిందో లెక్కలు చెప్పి మిగతా మెంబర్లను ఒప్పించాడట. నా గోడల నెమ్ము సంగతి అక్కడ ఎత్తలేదు.

"ఆయన మెంబరు కదండీ, ఆయన ఇల్లు కొంటే చిక్కు రాదా?" అని అడిగాను, ఏమీ తెలియనట్టు.

"అదే అడిగామండి. మెంబరు తన ఆస్తిని పంచాయతీకి అమ్మితే సభ్యత్వం పోతుంది. అందుకే ఆయన మీటింగులో అందరి ముందూ చెప్పారు. ఇల్లు మా వదినది, నాకు గానీ నా పిల్లలకు గానీ అందులో ఏ సంబంధమూ లేదు అని. అలాగే రాసుకుని సంతకం పెట్టించుకున్నాం."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఊరంతా తన ఇల్లని చెప్పుకున్నవాడు, పదవి పోతుందేమోనని ఊరి ముందే కాదన్నాడు. వదిన ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడుతుందన్న ధీమా. ఇన్నేళ్ళూ అలాగే పెట్టాను మరి, ఆయన తప్పేముంది.

ఒక గురువారం సెలవడిగి దుబాయ్ బస్సెక్కాను. మన కాన్సులేటులో పవరు రాయించాను, మా మేనకోడలి పేరున. ఇల్లు అమ్మడానికి మాత్రమే, డబ్బు నేరుగా నా ఖాతాకే అని రాయించాను. సాక్షులుగా నాతో వచ్చిన రాజోలు ఆవిడ, వాళ్ళాయన సంతకాలు పెట్టారు. మామా ఎందుకు అమ్ముతున్నావని అడిగింది. అందులో దొంగలున్నారన్నాను. "అమ్మేయ్, ఖలాస్" అంది. ఆమె కూడా ముగ్గురు మరుదుల్ని చూసిన మనిషి.

మరిది ఫోన్ చేసినప్పుడల్లా పవరు తయారవుతోందని చెప్పాను. అబద్ధం కాదు. జిల్లా నుంచి అనుమతి వచ్చాక జూన్ ఇరవై రెండున మేనకోడలు వెళ్ళి రిజిస్ట్రేషన్ చేసింది. ఆ సాయంత్రమే మరిది ఫోన్.

"నాకు చెప్పకుండా అమ్మేశావా వదినా?"

"నీకేం సంబంధం లేదన్నావటగా అబ్బాయ్. సంబంధం లేనివాడికి ఏమని చెప్పను?"

తర్వాత కేసు వేస్తానన్నాడు. వెయ్యమన్నాను. మెంబరు పదవి వదులుకుని మరీ వెయ్యమన్నాను. ఆ మాట మీద గొంతు తగ్గింది. తన ఇంటికి రొయ్యల కంపెనీ దగ్గర మూడేళ్ళ అద్దె ముందే తీసుకున్నాడట, మేమెక్కడికి పోవాలి వదినా అన్నాడు. పంచాయతీని అడగమన్నాను, మెంబరువి కదా.

జూలై మీటింగులో ఇల్లు ఖాళీ చేయించే విషయం వచ్చింది. మరిది మాట్లాడితే సంబంధం ఉన్నట్టు, మాట్లాడకపోతే సామాను రోడ్డు మీదకు. అందరితోపాటు ఆయనా చెయ్యెత్తాడట. ఈ సంగతి చెబుతుంటే కార్యదర్శి గొంతులో కూడా కాస్త జాలి వినపడింది. నాకు జాలి కలగలేదు.

తర్వాత తోడికోడలు ఏడుస్తూ ఫోన్ చేసింది. అమ్మినవాళ్ళు ఒక మాట రాసిస్తే సంక్రాంతి దాకా ఆగుతామని పంచాయతీ వాళ్ళు అన్నారట. నిజమే, కార్యదర్శి నాకూ చెప్పాడు. రెండు వాక్యాలు రాసి ఫోటో పంపితే చాలు. "పెద్దదానివి అక్కా, మనసులో పెట్టుకోకు" అంది. పొయ్యి మీద కూర మాడుతోందని పెట్టేశాను. ఆ రెండు వాక్యాలు రాయలేదు.

ఆగస్టు ఆఖరి ఆదివారం వాళ్ళు సామాను ఎత్తారు. నేను చెప్పి ఉంచబట్టి మేనకోడలు ఎదురింటి అరుగు మీద కూర్చుని వీడియో కాల్ చేసింది. ఇక్కడ వంటగదిలో ఫోన్ను మసాలా డబ్బాలకు ఆనించి, చేపలు శుభ్రం చేస్తూ చూశాను. బీరువా, మంచాలు, కుర్చీలు. మరిది తల పైకెత్తకుండా తాళ్ళు కడుతున్నాడు. మామా నీళ్ళకని వచ్చి, ఏం సినిమా అని అడిగి, తనూ కుర్చీ లాక్కుంది.

మొదటి ట్రాక్టరు కదిలింది. మేనకోడలికి పాపం చెయ్యి నొప్పి పుట్టినట్టుంది.

"ఇంక పెట్టెయ్యనా అత్తా?"

"ఇంకో ట్రాక్టరుందన్నావుగా. అదీ చూపించు" అన్నాను.