సూది నాకు, దిగులు తాతకు

ఈ రోజు పొద్దున బాగేపల్లిలో మా ఆస్పత్రికి గూళూరు నుంచి ఒక తాత వచ్చాడు. ఆయన చేతి నుంచి రక్తం తీసి సూది లాగుతుండగా, ఆయన జేబులో ఫోను మోగింది. తాత చెయ్యి ఠక్కున జేబు వైపు పోయింది. సూది గ్లవ్స్ దాటి నా వేలిలో దిగింది.

నర్సునే అయినా భయపడ్డాను. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉంది. వేలు సబ్బుతో కడుక్కుని డాక్టరుకు చెప్పాను. ఇద్దరికీ హెచ్‌ఐవీ, కామెర్ల పరీక్షలు చేయాలన్నారు.

"నేనేమన్నా అట్లాటోడినా అమ్మా?" అని తాత ముఖం మాడ్చుకున్నాడు. అయినా చెయ్యి చాపాడు.

మధ్యాహ్నం రిపోర్టులు వచ్చాయి. ఊపిరి పీల్చుకుని బయటికొస్తే తాత ఇంకా బెంచీ మీదే ఉన్నాడు.

"మీకేమీ లేదు తాతా. ఇంకా ఊరికి పోలేదా?"

"నాకేమీ లేదని నాకు తెల్సులేమ్మా. నీదేమని వచ్చె?"

"నాకూ ఏమీ లేదు."

అంతలో అదే ఫోను మళ్లీ మోగింది. ఈసారి తాత తీరిగ్గా ఎత్తాడు.

"ఆయమ్మకేమీ కాలేదంట. మీరు ఇంక తినండి, నేను వస్తాండా."

నేను ఇంట్లో ఎవరికీ చెప్పనే లేదు. గూళూరులో మాత్రం ఒక ఇల్లు నా కోసం అన్నం తినకుండా కూర్చుంది. ఆ ఫోనును తిట్టాలా, దండం పెట్టాలా, మీరే చెప్పండి.