స్ప్రింగుల్లో సముద్రం

మా పక్కింటి పెద్దాయన పోయారు. గురువారం పొద్దున్న చెత్త డబ్బా రోడ్డు అంచుకి లాగుతుంటే ఆయన కూతురు ఎదురొచ్చి, "అంకుల్, డాడ్ నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. నలభై దాటిన తెల్లావిడ నన్ను అంకుల్ అనడమేమిటంటారా? మా డబ్లిన్‌లో, అంటే కాలిఫోర్నియా డబ్లిన్‌లో, వీధి పిల్లలంతా అలాగే పిలుస్తుంటే ఆవిడకీ అంటుకుంది. డబ్బా అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చేశాను.

ఆయన స్కూల్ బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. అంతకు చాలా ముందు, మీసాలు మొలిచే వయసులో, దక్షిణ కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డు ఊళ్లలో నలుగురు కుర్రాళ్ల బ్యాండులో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు. వాళ్లది సర్ఫ్ సంగీతం. పాడేవాడు ఉండడు, అన్నీ గిటారే. ఆయన గరాజ్ ఆ గిటారుకీ యాంప్లిఫయరుకీ రాసిచ్చేసి, కారుని నేనెరిగిన పన్నెండేళ్లూ ఎండలోనే నిలబెట్టారు.

2003లో మేం ఈ ఇంట్లో దిగిన మొదటి వారమే ఆ గరాజ్‌లోంచి మోత మొదలైంది. మా ఆవిడ చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకుంది. వంటింటి కిటికీ తీసి విని, "ఏమండీ, ఆయనెవరో మాయామాళవగౌళని రేసు కారెక్కించారు" అంది.

కంచె దగ్గర నిలబడి ఆ మాటే ఆయనకి చెప్పాను. మా దగ్గర పిల్లలు మొట్టమొదట సరళీ స్వరాలు దిద్దుకునేది ఈ రాగంలోనే అని కూడా అన్నాను. ఆయన పగలబడి నవ్వారు.

"అయితే అరవైకొచ్చినా నేనింకా కిండర్‌గార్టెన్‌లోనే ఉన్నానన్నమాట! మా సొంతం కాదులే ఇది. మధ్యధరా సముద్రం అవతల్నుంచి వలసొచ్చినవాళ్లు పెళ్లిళ్లలో వాయించుకునే బాణీ. వాళ్ల మూటలోంచి ఎత్తుకొచ్చి మా లౌడ్ స్పీకర్లకి తగిలించాం."

ఆయన ఇంగ్లీషుని నా తెలుగులోకి దించుతున్నాను, ఉప్పు కొంచెం తగ్గుతుంది, సర్దుకోండి.

అరవైల మొదట్లో కుర్రకారు పగలంతా బల్లల మీద నిలబడి అలల మీద జారి, సాయంత్రం డాన్స్ హాళ్లకి వచ్చేవారట. కాళ్ల కింద అల ఇంకా కదులుతూనే ఉండేదట వాళ్లకి. ఆ కదలిక గిటారులో వినపడాలి. అందుకే ఒకే తీగని ఊపిరాడకుండా అంత వేగంగా మీటడం, అందుకే ఆ తడి తడి మోత. మీరూ బాగా సర్ఫింగ్ చేసేవారా అనడిగాను.

"ఒక్కసారి ఎక్కాను డాక్టర్. దింపే పని సముద్రమే చూసుకుంది."

పాడేవాణ్ని ఎందుకు పెట్టుకోలేదంటే ఆయన దగ్గర రెండు జవాబులుండేవి. మామూలుగా, "మాలో ఎవడికీ గొంతు లేదు" అనేవారు. మనసు బాగున్న రోజున ఇంకోటి. "మాటలుంటే పాట ఎవరికోసం రాశారో వాళ్లతోపాటే ముసలిదైపోతుంది. ఇదైతే చూడు, మీ ఆవిడకి తన పాఠం గుర్తొచ్చింది, నాకు నా పదిహేడో ఏడు గుర్తొస్తుంది. ఎవరి సామాను వాళ్లు పెట్టుకోవచ్చు." కుర్రాళ్లు ఇప్పటికీ ఇది ఎందుకు నేర్చుకుంటున్నారో ఇంతకన్నా బాగా ఎవరూ నాకు చెప్పలేదు.

నన్ను డాక్టర్ అన్నారు కదా, ఆ డాక్టరీ సంగతి చెప్పాలి. పాడైన పెట్టెలు బాగుచేస్తానని ఆయనే పెట్టిన పేరది. నా చదువు పదో తరగతి. తెనాలిలో రేడియో షాపు. పెట్టెలో స్పీకరు తప్ప ఇంకేది మోగినా దాని నోరు మూయించాలని మా పద్ధతి. ఏది గలగలలాడినా పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి కింద దూర్చేవాళ్లం. మా అక్కయ్య స్పాన్సర్ చేస్తే ఆ విద్యతోనే ఇక్కడికొచ్చి, ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు నెట్టుకొచ్చాను.

రెండేళ్ల కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. "మంచిదే, మీటే శ్రమ తప్పింది" అని జోకేసేవారు. బ్యాండులో ఇంకా బతికున్న మిగతా ఇద్దరూ ఓ శనివారం మా ఊరి పార్కులో ఆయనతో కలిసి వాయించడానికి డ్రైవ్ చేసుకుని వస్తామన్నారు. "వచ్చే ఏడు ఈ చెయ్యి నా మాట వినదు డాక్టర్. ఇదే ఆఖరు" అన్నారాయన. సరిగ్గా ఆ వారమే యాంప్లిఫయర్ గుర్రుమనడం మొదలెట్టింది. నేను చూస్తానని మా గరాజ్‌కి తెచ్చుకున్నాను.

గుర్రు అరగంటలో పోయింది. అడుగున చూస్తే రేకు ట్రేలో సన్నటి స్ప్రింగులు వేలాడుతున్నాయి. పెట్టె కదిపితే చాలు, ఝల్లుమంటున్నాయి. పన్లో పనిగా పాత సోఫా స్పాంజి కోసి, కదలకుండా కూరేశాను. ఆయన్ని అడగలేదు. అడిగితే ఇంక డాక్టరేమిటి?

శుక్రవారం పొద్దున్న పెట్టె తిరిగివ్వగానే ఆయన ఒక్క తీగ మీటారు. రేకు డబ్బా మీద గోరు తగిలినట్టు, పొడిగా. మళ్లీ మీటారు. గిటారుని కాదు, తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు.

"చెయ్యి అప్పుడే పోయిందా డాక్టర్?"

"చెయ్యి కాదండీ, నేనే" అని స్పాంజి సంగతి చెప్పాను.

"నా సముద్రాన్ని సోఫాలో పెట్టి కుట్టేశావా!" అన్నారాయన. శబ్దం ఆ స్ప్రింగుల్లో ఒక కొసన దూరి, ఊగుతూ ఊగుతూ రెండో కొసకి ఆలస్యంగా చేరుతుందట. ఆ ఆలస్యమే తడి. "నువ్వు యాభై ఏళ్లుగా తీసి పారేసేదాన్ని మేం యాభై ఏళ్లుగా కొనుక్కుంటున్నామయ్యా."

స్పాంజి లాగుతుంటే వెంట్రుకంత తీగ ఒకటి తెగింది. దాన్ని అతుకుతుంటే మా ఆవిడ టార్చి పట్టుకుంది.

"ఊపిరి బిగబట్టండి, చెయ్యి ఊగుతోంది."

"ఊగేది నీ టార్చి."

"అవును మరి, స్పాంజి కూడా నేనే పెట్టాను."

మధ్యాహ్నానికి అతికింది. ఆయన బూటు కొసతో పెట్టెని మెల్లగా తన్నారు. లోపల ఉరిమింది. అప్పుడు నవ్వారు.

శనివారం పార్కులో మూడో పాటగా మా ఆవిడ రాగం ఎత్తుకున్నారు. సగంలో చెయ్యి బిగుసుకుపోయింది. మిత్రులిద్దరూ తాళం వదలకుండా ఆయనకేసే చూస్తున్నారు. ఆయన ఆగలేదు. పది సార్లు మీటాల్సిన చోట ఒక్కసారి మీటి, మిగతా తొమ్మిదీ స్ప్రింగులకి వదిలేశారు. పాట నెమ్మదించింది. గడ్డిలో చెప్పులు విప్పి ఆడుతున్న ముసలమ్మలు దాంతోపాటే నెమ్మదించారు. ఆఖరి మీటు అయిపోయింది. చెయ్యి తీగల మీద నుంచి లేచి, గాలిలో వణుకుతోంది. శబ్దం ఇంకా పోతూనే ఉంది, పార్కు దాటి, పార్క్ చేసిన కార్లు దాటి. ఆయన తల ఓ పక్కకి వంచి, అది ఎంత దూరం వెళ్తుందోనని వింటున్నారు.